డి లో ఉంటాయండీ

మా ఇంట్లో ఇంటర్నెట్ రావాలంటే చనిపోయిన ఒక మనిషి ఫోన్ నెంబరు కొట్టాలి. ఈ సంగతి నాకు పోయిన వారమే తెలిసింది. ఆ నెంబరుకి జన్మలో ఫోన్ చేయకూడదని పదేళ్ల కిందట ఒట్టు పెట్టుకున్నవాణ్ణి. చివరికి ఆ పది అంకెలూ నా వేళ్లతోనే కొట్టించుకున్నాడు మహానుభావుడు.

జరిగింది ఇదీ. వేసవి సెలవుల్లో మా పాత సిస్టమ్ మొరాయించింది. తెరిస్తే తెరుచుకోదు, మూస్తే మూసుకోదు. మెకానిక్కుల మీద నాకున్న అభిప్రాయం వల్ల ఎవరినీ పిలవకుండా, నాలుగు వీడియోలు చూసి, సి డ్రైవ్ తుడిచేసి కొత్త ఓఎస్ నేనే ఎక్కించాను. రెండు గంటల్లో అంతా తళతళలాడింది. నెట్ మాత్రం రాలేదు. తెర కింద మూల గ్లోబు బొమ్మ, దాని మీద చిన్న అడ్డగీత. హాల్లో రూటర్ లైట్లు పచ్చగానే ఉన్నాయి. మా ఆవిడ ఫోన్లో, మా అమ్మాయి ఫోన్లో నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. సిపియు వెనక గుచ్చిన వైఫై ముక్కని మాత్రం కొత్త ఓఎస్ గుర్తుపట్టడం లేదు. గుర్తుపట్టాలంటే దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, డ్రైవర్ అంటారు, అది ఎక్కించాలి. డ్రైవర్ నెట్‌లో ఉంది. నెట్ లేదు.

దీనికి ఉపాయం ఉందని ఇంకో వీడియో చెప్పింది. ఫోన్‌కి ఛార్జింగ్ కేబుల్ పెట్టి సిస్టమ్‌కి తగిలించి, ఫోన్‌ సెట్టింగుల్లో టెదరింగ్ అన్నది ఆన్ చేస్తే ఫోన్‌లో ఉన్న నెట్టే సిస్టమ్‌లోకి వస్తుంది. ఆ నెట్‌తో డ్రైవర్ దింపుకుని ఎక్కిస్తే వైఫై ముక్క కళ్లు తెరుస్తుంది. పది నిమిషాల పని. అది కళ్లు తెరిచింది, మా ఇంటి వైఫై పేరు చూపించింది, పాస్‌వర్డ్ ఏమిటని అడిగింది.

అది మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఫోన్లు ఎప్పుడో గుర్తుపెట్టుకున్నాయి, ఫోను మార్చినప్పుడల్లా పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి అదే వచ్చేసేది, మేం మర్చిపోయాం. పెట్టినవాడు అతనే, మా పాత మెకానిక్కు. సిపియు పక్క రేకు మీద మార్కర్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసుకున్న అతని నెంబరు కనిపించింది. ఒకసారి కిరసనాయిలు గుడ్డతో దాన్ని నేను తుడిచేశాను గాని పూర్తిగా పోలేదు. గంటసేపు ఆలోచించి, సిగ్గు విడిచి ఫోన్ చేశాను. ఒకావిడ ఎత్తారు.

"ఎవరండీ?"

"కంప్యూటర్ రిపేరు చేసే ఆయన ఉన్నారాండీ?"

"ఆయన లేరండీ. పోయారండీ. ఐదు నెలలైందండీ."

అయ్యో అన్నాను. ఎవరైనా అనేదే అది. ఇంక పెట్టేద్దామనుకుంటుండగా ఆవిడే అడిగారు.

"మీకు పాస్‌వర్డ్ కావాలాండీ?"

"ఆయ్, అందుకేనండీ. మీకెలా తెలుసండీ?"

"అందరూ దానికే చేస్తారండీ. ఇప్పుడు మీరు చేసిన నెంబరేనండీ. ముందూ వెనకా ఏమీ లేదండీ, ఈ పది అంకెలే. అందరిళ్లల్లోనూ ఇదే పెట్టేశారండీ ఆయన. మర్చిపోయినవాళ్లు ఎలాగూ తనకే ఫోన్ చేస్తారు, అప్పుడు నెంబరు వాళ్ల ఎదురుగానే ఉంటుంది కదా అనేవారండీ. అందుకే ఈ నెంబరు తీసేయకుండా రీచార్జి చేయిస్తున్నానండీ. మీది ఏ ఊరండీ? పేరేంటండీ?"

"ఏలూరేనండీ," అన్నాను. పేరు చెప్పకుండా పెట్టేశాను.

పది అంకెలూ కొట్టాను. నెట్ వచ్చింది. నాకు మొదట వచ్చింది మాత్రం ఒళ్లుమంట. ఏలూరు నుంచి కొల్లేటి లంకల దాకా ఇన్ని ఇళ్లకి ఒకటే తాళం చెవి, అది కూడా అందరికీ తెలిసిన నెంబరు! ఇంతకన్నా తెలివితక్కువ పని ఏ మెకానిక్కైనా చేస్తాడా? పోయినవాడి గురించి కదా అని మెత్తగా రాయడం నా వల్ల కాదు. అతను చేతకాని మెకానిక్కు. మా జిల్లాలో చేతకాని మెకానిక్కులకి కొదవ లేదు గాని, అంత మర్యాదగా చేతకానివాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. సగం చేతుల చొక్కా ప్యాంటులోకి దోపుకుని, జేబులో టెస్టరూ దువ్వెనా పక్కపక్కన పెట్టుకునేవాడు. మెడలో ఆఫీసువాళ్లు గుర్తింపు కార్డు వేసుకునే పట్టీ ఉండేది. దానికి కార్డు ఉండదు, నాలుగు పెన్‌డ్రైవ్‌లు వేలాడుతుండేవి. చెప్పులు గేటు బయటే విప్పేవాడు. మనం ఎదురుగా నిలబడి ఉన్నా సరే, "ఉన్నారాండీ?" అని అడిగి, ఉన్నామని మనం చెప్పాకే లోపలికి అడుగు పెట్టేవాడు.

కుర్చీలో కూర్చోగానే చేతి గడియారం విప్పి సిపియు మీద పెట్టేవాడు. అది అక్కడ పడిందంటే కేసు అతని చేతిలోకి పోయినట్టే. వేలి కణుపులతో రేకు మీద రెండుసార్లు తట్టేవాడు.

"ఎన్నాళ్ల నుంచండీ?"

"రెండు రోజుల నుంచి స్లోగా ఉందండీ."

"కొట్టేద్దామండీ."

అంటే ఫార్మాట్ కొట్టి సి డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచేద్దామని; పక్కనున్న డి డ్రైవ్ అలాగే ఉంటుంది. అతని దగ్గర ఉన్న మందు అదొక్కటే. మౌస్ కదలకపోతే ఫార్మాట్. ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే ఫార్మాట్. తెర మసగ్గా ఉందని ఓసారి పిలిస్తే, మధ్యాహ్నం దాకా కూర్చుని శుభ్రంగా ఫార్మాట్ చేసి, అప్పటికీ మసగ్గానే ఉంటే మానిటర్ కింద బటన్ నొక్కి వెలుతురు పెంచాడు. "ఇప్పుడు చూడండీ," అన్నాడు, ఘనకార్యం చేసినట్టు.

మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న అడిగేవాడు. "సి లో ఏమైనా ఉన్నాయాండీ?" గోడ గడియారం వైపు చూస్తూ అడిగేవాడు. మనం ఏం చెప్పినా, "ఆయ్" అని తెర వైపు తిరిగేవాడు. తర్వాత వెంటనే పని మొదలుపెడతాడా అంటే అదీ లేదు. ఓ పావుగంట ఏదో కెలుకుతూ కూర్చునేవాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"సర్దుతున్నానండీ."

"సర్దడానికి ఇదేమైనా బీరువానా?" అని ఒకసారి అడిగేశాను.

"ఆయ్, అలాంటిదేనండీ," అన్నాడు.

రెండో టీ రావడానికే ఆ పావుగంట అని నా లెక్క. టీ తాగి, కప్పు కుర్చీ కింద పెట్టి, అప్పుడు కొట్టేవాడు. తెర మీద శాతాలు పెరుగుతున్నంతసేపూ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కళ్లు మూసుకుని ఉండేవాడు. పని అయ్యాక తెర మీద బొమ్మ మార్చడం ఒకటి. హిందువుల ఇళ్లల్లో వెంకటేశ్వరస్వామి. మా గోడ మీద సిలువ చూసి, మాకు గొర్రెపిల్లని భుజం మీద వేసుకున్న ప్రభువు. మా ఆవిడ మురిసిపోయేది. బొమ్మ ఎవరైనా పెడతారు, పని చేతనైనవాడు కావాలి గాని, అని నేను సణిగేవాణ్ణి.

వెళ్లేటప్పుడు గేటు దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, "పాతవి డి లో ఉంటాయండీ," అనేవాడు. అందరికీ అదే మాట, అదే రాగం. చివరి 'అండీ'ని గోదావరి గట్టు పొడుగునా సాగదీసేవాడు. డి డ్రైవ్ తెరిస్తే ఏముంటుందో నాకు ముందే తెలుసు. అతను ప్రతిసారీ తెచ్చి పోసే పాత పాటలు, కారు పందేల ఆటలు, ఎందుకో తెలియని సాఫ్ట్‌వేర్లు. మా డి అతని గోడౌను. నేను దాని జోలికి పోయేవాణ్ణి కాదు.

అతను వీధి చివరికి వెళ్లేలోపు మనకి తెలిసేది నెట్ రావడం లేదని. పరిగెత్తుకెళ్లి ఆపితే ఆ మాట వచ్చేది.

"నెట్ మా డిపార్ట్‌మెంట్ కాదండీ. లైన్ ఆయనకి చెప్పండీ."

లైన్ ఆయన అంటే మా వీధికి నెట్ కనెక్షన్ ఇచ్చినాయన. ఆయన్ని పిలిస్తే రూటర్ ముందు వంగి చూసి, "లైటు పచ్చగా ఉందండీ. మా వరకు ఓకేనండీ. సిస్టమ్ ఆయన్ని అడగండీ," అనేవాడు. ఇద్దరూ ఎప్పుడూ ఒకరికొకరు ఎదురుపడకుండా జాగ్రత్తగా బతికేవాళ్లు. ఒకసారి నేను ఇద్దరికీ ఒకటే టైము చెప్పి, ఇద్దర్నీ మా హాల్లో నిలబెట్టాను. కొట్టుకుంటారేమో చూద్దామని.

"మీ లైన్‌కి వంక లేదండీ," అన్నాడు ఇతను.

"మీ సిస్టమ్ కూడా చక్కగా ఉందండీ," అన్నాడాయన.

"మీరలా అనడం మీ మంచితనమండీ."

"ఎంతమాటండీ."

లైనూ బాగుంది, సిస్టమూ బాగుంది, నెట్ ఒక్కటే లేదు. ఇద్దరూ టీ తాగి వెళ్లారు. ఆ వైఫై ముక్కకి డ్రైవర్ వేరే ఎక్కించాలన్న సంగతి ఆ ఇద్దరిలో ఒక్కరికీ స్ఫురించలేదు. రెండు రోజుల తర్వాత ఆ ముక్కతో పాటు వచ్చిన చిన్న సీడీ మా ఆవిడ బీరువాలో గుడ్డల మధ్య దొరికితే, ఇతనే వచ్చి దాన్ని వేసి, తనే కనిపెట్టినట్టు నవ్వాడు. ఆ సీడీని భద్రంగా దాస్తానని జేబులో వేసుకుని వెళ్లి ఎక్కడో పారేసుకున్నాడు.

ఇదంతా నవ్వుకునే సంగతే. నవ్వుకోలేనిది తర్వాత జరిగింది.

అప్పుడు నేను కొల్లేటి లంకలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. మా ఆవిడ తాడేపల్లిగూడెం ఆసుపత్రిలో నర్సు. కాపురం ఏలూరులో. పొద్దున్నే ఆవిడ రైలెక్కి అటు, నేను బండెక్కి చేపల చెరువుల గట్ల మీద ఇటు. వర్షాకాలంలో గట్టు తెగితే పడవ. ఏ వేళకి ఇల్లు చేరతామో తెలియని ఉద్యోగాలు. అందుకని రెండేళ్ల పాపని తణుకులో మా అత్తగారి దగ్గర వదిలాం. ఆదివారం ఆరాధన అవగానే తణుకు వెళ్లేవాళ్లం. సాయంత్రం బయల్దేరేటప్పుడు మొదట్లో పాప ఏడ్చేది. కొన్నాళ్లకి ఏడుపు మానేసి అమ్మమ్మ చంకలోంచి చెయ్యి ఊపడం మొదలుపెట్టింది. ఏడ్చినప్పుడే నయంగా ఉండేది.

ఆ ఏడు టీచర్ల బదిలీలు పడ్డాయి. వెబ్ ఆప్షన్లు. అంటే మనకి కావాల్సిన స్కూళ్లన్నీ వరసగా సైటులో పెట్టుకోవాలి. మన పాయింట్లకి ఆ వరసలో ఏది ముందు దొరికితే అది మనది. గూడెం దగ్గరికి బదిలీ అయితే అక్కడే ఇల్లు తీసుకుని పాపని తెచ్చుకోవచ్చు. నెల రోజులు కూర్చుని ఎక్సెల్ షీటు తయారుచేశాను. గూడెం ఊళ్లో ఆరు స్కూళ్లకి అందరూ ఎగబడతారు, నా పాయింట్లకి రావు. అందుకని చుట్టుపక్కల ఎవరూ అడగని చిన్న చిన్న స్కూళ్లన్నీ వెతికి పట్టాను. నల్లజర్ల రోడ్డులో, లోపలి ఊళ్లల్లో. ఏ బస్సు ఎక్కడ ఆగుతుంది, ఆగిన చోటు నుంచి ఎంత నడవాలి, అన్నీ రాసుకున్నాను. లంక స్కూళ్లకి ఎర్ర రంగు వేశాను, ఛస్తే పెట్టకూడదని. ఆ షీటు డెస్క్‌టాప్ మీద పెట్టాను.

ఆఖరి తేదీకి ముందు రోజు సిస్టమ్ బిగుసుకుపోయింది. అతన్ని పిలిచాను. వచ్చాడు, గడియారం విప్పాడు, తట్టాడు, కొట్టేద్దామన్నాడు.

"సి లో ఏమైనా ఉన్నాయాండీ?"

నేను ఫోన్లో మాట్లాడుతున్నాను. బదిలీల సంగతే. ఫోన్ చెవి దగ్గర నుంచి తీయకుండానే, "ఏమీ లేవండీ, త్వరగా కానివ్వండి," అన్నాను.

మా స్టాఫులో ఎవరినడిగినా అదే చెప్పేవాళ్లు. మా వైపు కంప్యూటరున్న ప్రతి ఇంట్లోనూ సమస్తం డెస్క్‌టాప్ మీదే ఉంటుంది. పెళ్లి ఫోటోలు, పట్టాదారు కాగితాలు, పిల్లల హాల్ టిక్కెట్లు. కళ్లెదురుగా ఉంటే పోదని ధీమా. ఆ డెస్క్‌టాప్ అనేది సి లోపలిదని, సి పోతే అదీ పోతుందని మాకెవరికీ తెలియదు. సి అంటే లోపలెక్కడో మిషన్‌కి సంబంధించినదనుకునేవాళ్లం. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకూ తెలియదు. అంతకుముందు కొట్టినప్పుడు అక్కడ, పోతే వెతుక్కునేంతవి ఏమీ ఉండేవి కావు.

అతను ఓ పావుగంట సర్దాడు. రెండో టీ తాగాడు. కొట్టాడు. ప్రభువు బొమ్మ పెట్టాడు. వెళ్లాడు. నేను ఫోన్ పెట్టి వచ్చి చూస్తే తెర మీద ప్రభువూ గొర్రెపిల్లా తప్ప ఏమీ లేవు. నెట్ లేదు. షీటు లేదు. పాప ఫోటోలు కూడా లేవు.

ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను.

"డి లో ఉంటాయండీ..." అన్నాడు.

ఆ రాగం పూర్తికానివ్వలేదు. ఫోన్ కట్ చేశాను. మళ్లీ రెండుసార్లు చేశాడు. ఎత్తలేదు. నెంబరు తీసేశాను. రేకు మీదది కిరసనాయిలుతో తుడిచింది అప్పుడే. ఆ సిస్టమ్‌కి మళ్లీ నెట్ పెట్టించనూ లేదు, ఫోన్లతోనే నెట్టుకొచ్చాం.

మర్నాడు ఆఖరి రోజు. ఫోన్లో ఆ సైటు తెరుచుకుంది గాని, స్కూలు పేరు పైకి జరిపితే కిందికి పోయేది. నా జేబులో ఫోనుంది, సొరుగులో కేబులుంది. ఆ రెండూ కలిపితే సిస్టమ్‌కి నెట్ వచ్చేదని నాకు తెలియదు. బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కి వెళ్లి, టీచర్ల వరసలో మూడు గంటలు నిలబడి, కుర్చీ దొరికాక జ్ఞాపకం నుంచి కొట్టాను. గూడెం ఊళ్లోవి ఆరూ అందరికీ వచ్చినట్టే నోటికొచ్చాయి. నెల రోజులు వెతికిన చిన్న స్కూళ్ల పేర్లు ఒకటి గుర్తొస్తే ఒకటి రాలేదు. వెనక నిలబడినవాళ్లు, "త్వరగా కానివ్వండి సార్," అంటున్నారు. ఏడో దానికి ఒక ఊరి పేరు తట్టింది, హైవే పక్కదనుకుని పెట్టేశాను. పైన ఆరూ నాకన్నా పాయింట్లున్నవాళ్లకి పోయాయి. ఏడోది నాకొచ్చింది. అది హైవే పక్కది కాదు. షీటులో నేను ఎర్ర రంగు వేసుకున్న లంక. కొల్లేటికి ఈ ఒడ్డున ఉండేవాణ్ణి, ఆ ఒడ్డుకి వెళ్లాను. పాప ఇంకో నాలుగేళ్లు తణుకులో పెరిగింది. మా దగ్గరికి వచ్చేసరికి మమ్మల్ని మీరు అని పిలిచే వయసు వచ్చేసింది.

ఎవరో ఒకరు కావాలి కదా నాకు. టీచర్ల వాట్సాప్ గ్రూపులో రాశాను. ఫలానా మెకానిక్కుని స్కూళ్లకి పిలవకండి, అడగకుండానే అన్నీ తుడిచేస్తాడు, నా బదిలీ పోయింది, పాప ఫోటోలు పోయాయి అని. అడగకుండానే అని రాశాను. అడిగాడని నాకు తెలుసు. రాస్తున్నప్పుడూ తెలుసు.

మాట రాతతో ఆగలేదు. నాకు మనుషుల గొంతులు అనుకరించడం వచ్చు. స్టాఫ్‌రూమ్‌లో సుద్దముక్క కనిపించకపోతే, "డి లో ఉంటుందండీ," అని అతని రాగం తీసేవాణ్ణి. అందరూ పడి పడి నవ్వేవాళ్లు. హాజరు పట్టీ కనిపించకపోయినా డి లోనే. జీతాలు ఆలస్యమైతే డి లోనే. ఆ మాట స్కూలు దాటింది, మండలం దాటింది. ఎవరి దగ్గర విన్నారో తెలియని టీచర్లు నాకే దాన్ని కొత్త జోకులా చెప్పేవాళ్లు. నేను తెలియనట్టు విని నవ్వేవాణ్ణి.

ఒకసారి అతను మా లంక స్కూలుకి వచ్చాడు. కొత్తగా వచ్చిన హెడ్మాస్టరుకి ఏమీ తెలియక పిలిపించారు. గట్టు తెగి ఉన్న రోజులు. పడవ దిగి బురదలో నడిచొచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. చెప్పులు వరండా కింద విప్పి, "ఉన్నారాండీ?" అన్నాడు. కుర్చీలో కూర్చుని గడియారం విప్పి సిపియు మీద పెట్టాడు. అప్పుడు నన్ను చూశాడు.

"నమస్కారమండీ."

నేను హెడ్మాస్టరు వైపు తిరిగాను. అందరికీ వినపడేలా అన్నాను.

"హెడ్మాస్టరుగారూ, జాగ్రత్తండీ. ఈయన చెయ్యి పడితే మిషన్ బతుకుతుంది గాని అందులో ఉన్నవన్నీ పోతాయి. ఒక్క మాట అడగరు కూడా."

అతను నా వైపు చూశాడు. అడిగానని అంటాడేమో అనుకున్నాను. అంటే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. అతను ఆ మాట ఎత్తనేలేదు. పెద్దమనిషిని నలుగురిలో అబద్ధాలకోరుని చేయడం అతని మర్యాదలో లేదు. మెల్లగా, నాకొక్కడికే చెప్పినట్టు అన్నాడు.

"సార్‌గారివి డి లో ఉంటాయండీ. చూశారాండీ?"

స్టాఫ్‌రూమంతా గొల్లున నవ్వింది. ఒకావిడ టీ పొలమారి దగ్గు పట్టుకుంది. నేను ఎన్నాళ్ల నుంచో అనుకరిస్తున్న మాట అసలు మనిషి నోట్లోంచి వచ్చేసరికి ఎవరూ ఆపుకోలేకపోయారు. అతనికి అర్థం కాలేదు. అందరూ నవ్వుతుంటే తనూ కొంచెం నవ్వాడు. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను.

"ఇంకోసారి చూద్దాం లెండి," అన్నారు హెడ్మాస్టరు.

"ఆయ్, అలాగేనండీ," అన్నాడు. సిపియు మీద గడియారం తీసుకుని, చేతికి పెట్టుకోకుండా జేబులో వేసుకుని వెళ్లాడు. పడవ అవతలి ఒడ్డున ఉంది. అది వచ్చేదాకా రేవులో నిలబడి ఉండటం కిటికీలోంచి కనిపించింది. తర్వాత స్కూళ్ల పని అతనికి లేకుండా పోయిందని విన్నాను. పెదపాడు రోడ్డులో చేపల మేత కొట్లో కూర్చుంటున్నాడని ఎవరో అన్నారు. మంచిపని అయిందనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఇంక పోయిన వారం సంగతి. అతని నెంబరు కొట్టి నెట్ తెప్పించుకున్నాక, మళ్లీ ఎప్పుడైనా ఓఎస్ ఎక్కించాల్సి వస్తే ఈ బాధ లేకుండా వైఫై డ్రైవర్‌ని డి లో దాచుకుందామనుకున్నాను. పదేళ్లలో మొదటిసారి డి ని పూర్తిగా తెరిచాను. పాటలు. కారు పందేలు. వాటి మధ్య ఇంగ్లీషు అక్షరాలతో 'సార్ గారి డెస్క్‌టాప్' అని ఒక ఫోల్డరు. లోపల ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నాలుగు ఫోల్డర్లు. అతను మా ఇంట్లో ఫార్మాట్ కొట్టింది నాలుగుసార్లు.

నాలుగో దాంట్లో షీటు ఉంది. తెరిస్తే తెరుచుకుంది. ఎర్ర రంగులు ఎర్రగానే ఉన్నాయి. ఏడో వరసలో నల్లజర్ల రోడ్డు మీది చిన్న స్కూలు. పక్కన నేనే రాసుకున్నాను, బస్సు దిగి ఐదు నిమిషాల నడక అని. ఎనిమిది, తొమ్మిది, పది, అన్నీ ఉన్నాయి. కింద పాప ఫోటోలు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని దువ్వెన నోట్లో పెట్టుకున్నది. మా అత్తగారి కొంగు తల మీద కప్పుకున్నది.

పావుగంటసేపు అతను సర్దింది ఇదీ. మాకు డెస్క్‌టాప్ ఎక్కడుంటుందో తెలియదని అతనికి తెలుసు. ఏమీ లేవని మేమంటే "ఆయ్" అని, మా మాట తీసేయకుండా, మా వస్తువులు తీసి పక్కన పెట్టేవాడు. ఆ రోజు ఫోన్ పెట్టేయకుండా ఒక్క నిమిషం విని ఉంటే, పెన్‌డ్రైవ్‌లో ఆ షీటు వేసుకుని నెట్ సెంటర్‌కి వెళ్లేవాణ్ణి. పాప రెండేళ్లప్పుడే మా ఇంటికి వచ్చేది. నాలుగేళ్లు తినేసింది అతను కాదు. నేనే.

నాలుగు ఫోల్డర్లూ గాలించాను. అన్నీ ఉన్నాయి, ఒక్క నెట్ డ్రైవర్ తప్ప. చేతకాని మెకానిక్కు అన్న మాట వెనక్కి తీసుకోను. నేను ఏమిటో చెప్పాలంటే మాత్రం దానికన్నా పెద్ద తిట్టే కావాలి.

మా ఆవిడని పిలిచి ఫోటోలు చూపించాను. తెర మీద చెయ్యి వేసి ఒక్కొక్కటీ చూసింది.

"ఇవి ఆయన పోగొట్టేశారన్నారు కదండీ మీరు?" అంది.

నేను కుర్చీలోంచి లేచాను. ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లాను. టీచర్ల గ్రూపు ఇంకా ఉంది, అందులో పాతవాళ్లందరూ ఉన్నారు. పదేళ్ల కిందట ఎక్కడ రాశానో అక్కడే రాయాలనుకున్నాను. అతనని కాకుండా ఆయన అని రాశాను. "నా షీటు పోయిందని అప్పట్లో ఒక మెకానిక్కు మీద రాశాను. ఆ రోజు ఆయన అడిగారు. సి లో ఏమీ లేవని నేనే చెప్పాను. నావన్నీ డి లోనే ఉన్నాయి." పంపించాను. ఆయన పోయారన్నది రెండో మెసేజిలో రాద్దామని మొదలుపెట్టాను. వాళ్లింట్లో ఫోనెత్తిన ఆవిడ ఇంకా ఆ నెంబరుకి రీచార్జి చేయిస్తోందని కూడా రాయాలి.

రెండో మెసేజి సగంలో ఉండగానే జవాబులు వచ్చాయి. కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వుతున్న పసుపు మొహాలు, ఒకరి తర్వాత ఒకరు. ఆ రోజు స్టాఫ్‌రూమ్‌లో టీ పొలమారిన ఆవిడ ఐదు మొహాలు పెట్టింది. రిటైరైన పాత హెడ్మాస్టరుగారు మాత్రం అక్షరాల్లో రాశారు.

"ఇలా కాదు మాస్టారూ. ఆయన గొంతుతో వాయిస్ మెసేజి పెట్టండి. విని చాలా రోజులైంది."